జున్నుకు ఇల్లు దొరికిన తీరు: ఒక కేస్ స్టడీ

జూన్ మొదటి వారంలో హైదరాబాద్ మల్కాజ్‌గిరి నుంచి ఒక రిటైర్డ్ టీచర్ ఫోన్ చేశారు. "ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చామమ్మా. ఆషాఢం రాకముందే ఖాళీ చెయ్యాలి. కుక్క ఒకటుంది," అన్నారు. ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో తరచుగా వినే మాటే ఇది. పాత ఇల్లు, జామచెట్టు, వెనక నీళ్ల సంపు, అంతా బిల్డర్ చేతికి పోతుంది. కట్టే రెండేళ్లూ ఇంటివాళ్లకి అద్దె కూడా అతనే ఇస్తాడు. ఆ అగ్రిమెంటులో కుక్క గురించి ఒక్క లైనూ ఉండదు.

కుక్కల ప్రవర్తన మీద పని చెయ్యడం నా వృత్తి. కరిచేవి, భయపడేవి, ఒంటరిగా ఉండలేక తలుపులు గీకేవి ఉన్న ఇళ్లకి వెళ్లి కూర్చుని, చూసి, ఇంటివాళ్లకి దారి చెబుతాను. కొత్త ఇల్లు వెతికిపెట్టడం అసలు నా పని కాదు, కానీ ఇలాంటి కేసుల్లో చివరికి అదీ నెత్తిన పడుతుంది. ఈ కేసులో మొదటి ప్రయత్నంలో నేను తప్పు చేశాను, ఆ తప్పు కోసమే ఇదంతా రాస్తున్నాను. ఇంటివాళ్లందరి అనుమతీ తీసుకున్నాను. కుక్క పేరు తప్ప మనుషుల గుర్తులన్నీ మార్చాను.

జున్ను ఆడది, మన వీధి జాతి. నాలుగేళ్లు, 16 కిలోలు. రంగు అచ్చం జున్నుముక్కే, అంచుల్లో కొంచెం మాడినట్టు. నాలుగు నెలల పిల్లగా ఒక ఫంక్షన్ హాల్ వెనక ఎంగిలాకుల దగ్గర దొరికిందట. ఆ "నాలుగు నెలలు" దగ్గర నా పెన్ను ఆగింది. కుక్కపిల్ల ఈ లోకాన్ని మామూలుగా తీసుకోవడం నేర్చుకునే వయసు సుమారు 3 వారాల నుంచి 14 వారాల దాకా. ఆ గడువులో పరిచయమైన మనుషులూ చప్పుళ్లూ తర్వాత దాన్ని పెద్దగా బెదిరించవు. ఆ గడువంతా రాళ్లూ కర్రలూ చూసిన పిల్లకి, తర్వాత ఎంత ముద్దు చేసినా, కొత్తది ఏది ఎదురైనా మొదట కాళ్లు వణుకుతాయి. "మేమేం తక్కువ చేశామమ్మా?" అని అడిగారు టీచరమ్మ. ఏమీ తక్కువ చెయ్యలేదు. ఆలస్యంగా చేతికొచ్చింది, అంతే.

భర్త పోయి ఆరేళ్లు. ఆ ఇంట్లో ఆవిడా జున్నూ ఇద్దరే. తెల్లవారుజామున 5 గంటలకి వీధిలో ఒక చుట్టు, మిగతా రోజంతా వరండా. ఆవిడ పేపర్ చదువుతుంటే పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. లేచి నిలబడితే మోకాళ్లకి నుదురు గట్టిగా నొక్కుతుంది. అదొక్కటే దానికి తెలిసిన ముద్దు. కొడుకు నల్లగండ్లలో పద్నాలుగో అంతస్తులో ఉంటాడు, కోడలికి ఏడో నెల. కొడుకేం చెడ్డవాడు కాదు, ఒకసారి తీసుకెళ్లి చూశాడు కూడా. లిఫ్టులో మూత్రం పోసేసి నేలకి అతుక్కుపోయిందట. దగ్గరి బంధువొకాయన "ఏదో ఒక క్యాంపస్‌లో వదిలేసి రండి, హాస్టల్ పిల్లలు తిండి పెడతారు" అని సలహా ఇచ్చాడు. పెంచుకున్న జంతువును అలా వదిలేసి ఆకలిదప్పుల పాలు చెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమని చెప్పాను. ఆవిడకి చట్టం చెప్పనక్కర్లేదు, ఆ బంధువుకి చెప్పడానికి పనికొచ్చింది.

బండల లెక్క

ఆ వరండాలో పాతకాలపు షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. ఒక్కోటి రెండడుగులు. భయపడే కుక్క దగ్గర టేపు తీయలేను, దాన్ని చూసీ బెదురుతుంది. అందుకే బండలు లెక్కపెట్టాను. గేటు వైపు పక్కకి తిరిగి, నేల మీద కూర్చుని, ఉడికించిన చికెన్ లివర్ ముక్కలు విసిరాను. ఏడు బండల దూరంలో తింటుంది. అయిదు బండల దగ్గర తింటుంది కానీ నమలదు, మింగేస్తుంది, వెంటనే మూతి నాకుతుంది, ఆవులిస్తుంది. నాలుగు బండల దగ్గర లివర్ ముక్క ముక్కుకి తగిలినా దానివైపు చూడదు. చూపంతా నా చేతుల మీద, కంటి కొసన తెల్లగుడ్డు కనిపిస్తూ. టీచరమ్మతో లెక్క సున్నా.

ఏడుకీ సున్నాకీ మధ్య ఉన్న ఈ దూరమే అందరినీ మోసం చేస్తుంది. సున్నా దగ్గర చూసినవాళ్లు "అబ్బ, ఎంత ప్రేమగల కుక్క" అంటారు. ఏడు దగ్గర చూసినవాళ్లు "ఇది మనిషికి లొంగదు" అంటారు. రెండూ ఒకే కుక్క. దాని ప్రేమ స్వభావమే, అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమ ఒక్క మనిషి నడకకీ, మాటకీ, వేళలకీ అల్లుకుని ఉంది. అందులోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడితే మొదట బయటికొచ్చేది భయమే.

బెదిరించేవి ఇవి: హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్లు, చీపురు, గొడుగు టప్పున విప్పడం, తల మీదికి వచ్చే చెయ్యి. ఒకసారి గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి సందులో ఎదురుపడితే, పోవడానికి దారి లేక, గాలిలో పళ్లు టక్కుమనిపించింది. తగల్లేదు. టీచరమ్మ ఇది మూడోసారి కలిసినప్పుడు చెప్పారు, గొంతు తగ్గించి. చెబితే ఎవరూ తీసుకోరని భయం. నేను ముందే అడగాల్సింది.

ప్రవర్తన అనుకున్నది ఒక్కోసారి నొప్పి అయ్యుంటుంది, అందుకని పశువుల డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయించాం. ప్లేట్‌లెట్లు 92,000. కుక్కకి మామూలుగా కనీసం రెండు లక్షలకి అటూ ఇటూ ఉండాలి. టిక్ ఫీవర్. మన ఊళ్లో గోమార్లు ఉన్న ఏ కుక్కకైనా వచ్చే జబ్బే. 28 రోజుల డాక్సీసైక్లిన్ రాశారు. ఆ మాత్ర ఖాళీ కడుపున ఇస్తే గొంతులో, కడుపులో మండిస్తుంది. పెరుగుతో కలిపితే అందులోని కాల్షియం మందును కొంత పట్టేస్తుంది. జున్నుకి పెరుగన్నం తప్ప ఇంకోటి రుచించదు. కాబట్టి మాత్ర పొద్దున గుడ్డుతో, పెరుగన్నం రాత్రికి. పది రోజుల్లో తిండి పెరిగింది, నిద్ర మారింది. భయం అలాగే ఉంది, కానీ బెదిరాక కోలుకోవడానికి అరగంట పట్టేది పదిహేను నిమిషాలకి వచ్చింది.

నా తప్పు

ఖాళీ చెయ్యాల్సిన తేదీ ముంచుకొస్తోంది. టీచరమ్మ ఒళ్లో తల పెట్టుకుని జున్ను కళ్లు మూసుకున్న 30 సెకన్ల వీడియో తీసి, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాను. "చాలా ప్రేమగల దేశీ అమ్మాయి, కొంచెం సిగ్గు" అని రాశాను. ఆ "కొంచెం సిగ్గు" అన్న మాట రాసిన వేళ్లు నావే.

రెండు రోజుల్లో కొండాపూర్ వైపు నుంచి ఒక యువ జంట వచ్చారు. మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు, చిన్నప్పటి నుంచి కుక్కలతో పెరిగినవాళ్లు. ఒక్కసారే కలిశారు. ఆ రోజు జున్ను వాళ్ల దగ్గర బిస్కెట్ తీసుకుంది. మెడ చాచి, వెనక కాళ్లు వెనకే ఉంచి తీసుకుంది. ఆ వెనక కాళ్లు నాకు కనిపించాయి. కనిపించినా, తేదీ గుర్తొచ్చి, ఒప్పుకున్నాను. టిక్ ఫీవర్ మందుల కోర్సు సగంలో ఉంది, అయినా ఒప్పుకున్నాను.

పదకొండో అంతస్తు. లిఫ్టు. గంటకోసారి డెలివరీ బెల్లు. మొదటి రోజు సాయంత్రమే స్నేహితులు కేక్ తీసుకొచ్చారు, జున్నుకి స్వాగతం చెప్పడానికి. అది మంచం కిందికి దూరి 26 గంటలు మూత్రానికి కూడా రాలేదు. నాలుగో రోజు ఆ అబ్బాయి పాపం పక్కనే నేల మీద పడుకుని, "జున్నూ, భయం లేదురా" అంటూ మంచం కిందికి చెయ్యి పెట్టాడు. దానికి ఇంకో దారి లేదు. బొటనవేలి దగ్గర చర్మం చీరింది.

సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడగమని ఫోన్‌లోనే చెప్పాను. కుక్కకి వ్యాక్సిన్ పుస్తకం ఉంది కదా అని ఊరుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాను. రేబిస్ టీకా మొదలుపెట్టారు. జున్నుని పది రోజులు గమనికలో ఉంచాం. వాళ్లు ఏడుస్తూ వెనక్కి తెచ్చారు. "మాలో ఏం లోపం?" అని ఆ అమ్మాయి అడిగింది. లోపం వాళ్లలో లేదు. నేను సున్నా బండల కుక్కని చూపించి ఏడు బండల కుక్కని ఇచ్చాను.

జున్ను మల్కాజ్‌గిరి ఇంటికి వచ్చేసరికి సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కింది. ఏడు బండలు కాస్తా పది అయ్యాయి.

ఇక్కడ మాకు కలిసొచ్చింది పంచాంగం. ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో ఇల్లు మారనని టీచరమ్మ భీష్మించారు. బిల్డర్ మాత్రం శూన్యమాసంలో భూమిపూజ చేస్తాడా? శ్రావణం దాకా ఆగుతానన్నాడు. అలా దాదాపు నెల రోజులు చేతికొచ్చాయి.

రెండో ప్రకటన

ఈసారి వీడియో పెట్టలేదు. ఒక ఫొటో, వరండా చివర నిలబడి అనుమానంగా చూస్తున్నది. కింద ఇలా రాశాను:

"జున్ను, 4 ఏళ్లు, ఆడది, ఆపరేషన్ అయింది, టీకాలు ఉన్నాయి, టిక్ ఫీవర్‌కి మందు వాడుతున్నాం. కొత్తవాళ్లంటే బాగా భయం. ఒకసారి గాలిలో కరవబోయింది, ఒకసారి మంచం కింద చెయ్యి పెట్టినాయన్ని కరిచింది. మొదటి నెల మీ దగ్గరకి రాకపోవచ్చు. మీ ఇంటికొచ్చేవాళ్ల దగ్గరకి ఎప్పటికీ రాకపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇల్లు, లిఫ్టున్న ఇల్లు కుదరదు. నమ్మిన మనిషి పాదాల మీద గడ్డం పెట్టుకుని పడుకుంటుంది. తొందర లేని వాళ్లు ఫోన్ చెయ్యండి."

దీన్ని చూసి ఒక వలంటీర్ "ఇలా రాస్తే ఎవరు తీసుకుంటారక్కా" అంది. మొదటి ప్రకటనకి వచ్చిన ఫోన్లు అరవై పైనే. దీనికి తొమ్మిది. ఆ తొమ్మిదిలో నాతో పది నిమిషాలకన్నా ఎక్కువ మాట్లాడినవాళ్లు ఆరుగురు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయినప్పటి నుంచి, కరిచిన చరిత్ర గురించి జనం సూటిగా అడుగుతున్నారు, ఇంటి ఓనర్లు ఇంకా సూటిగా. దాచి ఇచ్చిన కుక్క వెనక్కి వస్తుంది, లేదా వీధిలో పడుతుంది.

"కుక్కలంటే ఇష్టమేనా" అని నేను అడగడం మానేశాను. ఇష్టం లేనివాళ్లు ఫోనే చెయ్యరు. మీ ఇంటికి రోజూ ఎంతమంది వస్తారు, వీధి తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుంది, ఇంట్లో రోజంతా ఒకేచోట కూర్చునే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. చివరికి ఒకటి: నెల రోజులు కుక్క మీ మొహం చూడకపోతే ఏం చేస్తారు?

చివరి ప్రశ్నకి చాలామంది "ప్రేమతో మార్చుకుంటాం" అన్నారు. కాప్రా నుంచి ఫోన్ చేసిన ఒకావిడ మాత్రం, వెనకాల మిషన్ చప్పుడు ఆపకుండానే, "ఏం జేస్తం మేడం, దాని పని దానిది, మా పని మాది," అంది.

ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నా లెక్కలో ఆ ఇంటికి రెండు మైనస్‌లు. రోజుకి ఐదారుగురు ఆడవాళ్లు కొలతలకీ డెలివరీలకీ వస్తారు. భర్త ఆర్టీసీ డ్రైవర్, బైకు మీద హెల్మెట్‌తో వస్తాడు. కాగితం మీదైతే కొట్టేసేదాన్ని. వెళ్లి చూశాక మనసు మారింది. గిరాకీ అంతా ముందు గదిలోనే ఆగిపోతుంది, ఆవిడ కుట్టే గది వెనకది, అక్కణ్ణుంచి పెరట్లోకి తలుపు, పెరటికి ఆరడుగుల గోడ. గ్రౌండ్ ఫ్లోర్. పైన ఇంటి ఓనర్, ఆయనతో ఆ రోజే మాట్లాడి సరే అనిపించుకున్నాం.

ఇంకొకటి కూడా చూశాను. నేను గంటసేపు ఉంటే ఆవిడ నావైపు మొహమెత్తి చూసింది నాలుగైదుసార్లే. చూపంతా సూది మీద, చేతులు గుడ్డ మీద, కాలు పెడల్ మీద. మాట్లాడుతుంది, తల ఎత్తదు. భయపడే కుక్కని కళ్లలోకి చూస్తే దాన్ని పిలిచినట్టు కాదు, నిలదీసినట్టు. కుక్కల్ని బాగా ఇష్టపడేవాళ్లకి వచ్చే చిక్కే ఇది, చూడకుండా ఉండలేరు. ఎదురుగా ఉండి కూడా చూడని మనిషి దొరకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. రోజుకి ఎనిమిది గంటలు అలా కూర్చునే మనిషి నా ఎదురుగా ఉంది, చేతిలో పట్టు జాకెట్‌తో.

కుక్క కదలకముందు

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, టైలర్‌కి గిరాకీ తగ్గుతుంది. ఆ ఖాళీలో టైలరక్క ఆరుసార్లు మల్కాజ్‌గిరి వచ్చింది. నేను పెట్టిన షరతు ఒకటే, చేతిపని తెచ్చుకోవాలి. హుక్కులు, కాజాలు, చీర ఫాల్స్, ఏదైనా సరే. వరండాలో కూర్చుని కుట్టుకోవాలి, జున్నుని పిలవకూడదు, ముట్టుకోకూడదు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ లివర్ ముక్కలు కొన్ని దాని వెనక్కి పడేలా విసరాలి, ముందుకి కాదు. ముక్క కోసం కుక్క మన దగ్గరికి రావాల్సి వస్తే, తిన్నాక ఎంత దగ్గరికొచ్చానో చూసుకుని హడలిపోతుంది. వెనక్కి విసిరితే తిండి దొరుకుతుంది, దూరమూ దొరుకుతుంది. మళ్లీ తనంతట తనే ముందుకొస్తుంది.

మొదటి రోజు తొమ్మిది బండలు. రెండో రోజూ తొమ్మిదే. మూడో రోజు ఏడు. నాలుగో రోజు గొడుగు తెచ్చింది, వర్షం మరి. మళ్లీ పది. అయిదో రోజు నాలుగు. ఆరో రోజు నేను గేటు బయట నిలబడి చూస్తున్నాను. టైలరక్క దారం తెంపడానికి పళ్ల దగ్గరికి తీసుకుంది. జున్ను లేచి, వెనక కాళ్లు ఈసారి ముందు కాళ్లతోపాటే కదిలాయి, వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ల అంచు వాసన చూసింది. టైలరక్క దారం తెంపి, సూదిలో ఇంకో పోగు ఎక్కించుకుంది. తల ఎత్తలేదు. టీచరమ్మ లోపలికెళ్లి వంటింట్లో ఏవో గిన్నెలు సర్దారు, చాలాసేపు.

మధ్యలో రెండు చిన్న పనులు. టైలరక్క గుడ్డముక్కల సంచి ఒకటి మల్కాజ్‌గిరిలో వదిలి వెళ్లింది, జున్ను పడక పక్కన. టీచరమ్మ పాత నేతచీర ఒకటి కాప్రా వెళ్లింది. కుట్టుమిషన్ చప్పుడు నా ఫోన్‌లో రికార్డ్ చేసి, వినీ వినపడనంత సన్నగా పెట్టి, పెరుగన్నం వేళకి వినిపించమన్నాను. చెవులు వెనక్కి వాల్చకుండా తింటే మర్నాడు కాస్త పెంచాలి. రెండు వారాల్లో మామూలు చప్పుడంత అయింది. తర్వాత మిషన్ మోగితే అన్నం వచ్చిందేమోనని గిన్నె దగ్గరికి వెళ్లేది.

ప్రయాణానికి వెట్ భయం తగ్గించే గాబాపెంటిన్ రాశారు, బయల్దేరడానికి రెండు గంటల ముందు. ముందు వారం ఇంట్లోనే ఒకసారి ఇచ్చి చూశాం, తూలకుండా ఉందా లేదా అని. ఇదే మందు మనుషుల సిరప్ అయితే ఇవ్వకూడదు, అందులో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటే కుక్కకి విషం. ఒక మాట ఇక్కడే చెప్పాలి. "మత్తిచ్చి పడుకోబెట్టి తీసుకుపోదాం" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పాతకాలపు ఎసిప్రోమజీన్ లాంటివి ఒళ్లుని కదలనివ్వవు, లోపలి భయం అలాగే ఉంటుంది. కదల్లేక భయపడటం మామూలు భయం కన్నా అన్యాయం.

బోనాల ఆదివారాలన్నీ పోనిచ్చి, ఆషాఢం చివరి సోమవారం తెల్లవారుజామున అనుకున్నాం. శివారు కాలనీల్లో కొన్నిచోట్ల శ్రావణంలో కూడా బోనాలు చేస్తారు, కాబట్టి కాప్రాలో ఆ వీధి గుడి దగ్గర తేదీ కనుక్కున్నాం. శ్రావణం మొదలైతే వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు, ఇల్లంతా జనం. అంతకన్నా ముందే చేరాలి. కానీ టీచరమ్మకి ఆషాఢం అడ్డొచ్చింది, శూన్యమాసంలో కొత్తింటికి పంపడమా అని. టైలరక్కే తేల్చేసింది: "ఆషాఢంల కొత్త కోడలు పుట్టింటికి వస్తది గద అమ్మా. గట్లనే అనుకోండ్రి."

నాలుగున్నరకి మల్కాజ్‌గిరిలో బయల్దేరాం. జున్నుకి ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ ఒకటి, మెడకి బెల్టు ఒకటి, రెండిటికీ వేరు వేరు పట్టుతాళ్లు, ఒకటి నా చేతిలో, ఒకటి టీచరమ్మ చేతిలో. బెల్టుకి రెండు ఫోన్ నంబర్లున్న బిళ్ల. కాప్రాలో గేటు మూశాకే కారు తలుపు తీశాం. భయపడే కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఈ గేటుకీ ఇంటికీ మధ్యే, అలా తప్పిపోయిన కుక్క యజమాని పిలిచినా రాదు. టీచరమ్మ రెండు గంటలు కూర్చున్నారు, చేత్తో పెరుగన్నం పెట్టారు. రోజూ బయటికెళ్లేటప్పుడు ఆవిడ అనే మాట ఒకటుంది: "జున్నూ, ఇల్లు చూస్తుండు, వస్తా." ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి "ఇల్లు చూస్తుండు" వరకే అన్నారు.

కటింగ్ టేబుల్ కింద

కుట్టే గదిలో కటింగ్ టేబుల్ కింద పాత చీరతో తెర కట్టి మూల చేశాం. టీచరమ్మ నేతచీర లోపల పరిచాం. స్నానం వద్దు, చుట్టాలు వద్దు, ఫొటోలు వద్దు, పిలవొద్దు. ఆ మూల్లోకి చెయ్యి పెట్టడం ఎప్పటికీ వద్దు. గిన్నె ఎదుట పెట్టి వెళ్లిపోవాలి.

19 గంటలు ఏమీ తినలేదు. రాత్రి అందరూ పడుకున్నాక గిన్నె ఖాళీ అయింది. మూత్రానికి పెరట్లోకి వెళ్లింది డ్రైవరన్న తెల్లారగట్ల డ్యూటీకి లేచి వెనక తలుపు తీసి పెట్టి, తను ముందు వైపు నుంచి వెళ్లిపోయాక. మూడో రోజు తెర కింద ముక్కు కనిపించిందని ఫోన్. ఆరో రోజు మిషన్ నడుస్తుంటే బయటికొచ్చి పెడల్ పక్కన పడుకుంది. టైలరక్క అది చెప్పడానికి ఫోన్ చెయ్యలేదు. నేనే అడిగితే, "ఆఁ, గీడనే పన్నది" అంది, అదేదో రోజూ జరిగేదన్నట్టు.

డ్రైవరన్న విషయంలో నాకు బెంగ ఉండేది. ఆయన్ని చూస్తే జున్ను లేచి మూలకి పోతుంది. "మీకు బాధనిపించదా అన్నా?" అని అడిగాను. "బస్సెక్కేటోళ్లందరు నన్ను జూసి నవ్వుతరా మేడం? టికెట్ దీస్కుంటరు, దిగిపోతరు," అన్నాడు. అంతకన్నా మంచి శిక్షణ నేనేమిస్తాను? హెల్మెట్ మాత్రం గేటు పక్కన మేకుకి తగిలించి లోపలికి రమ్మన్నాను. తర్వాత పనిగట్టుకుని ఆ హెల్మెట్‌నే పెరట్లో నేల మీద పెట్టి, చుట్టూ లివర్ ముక్కలు చల్లడం. మొదట చుట్టూ గిరగిర తిరిగి పోయేది. మూడు వారాలకి హెల్మెట్ లోపల పెట్టిన ముక్క తీసుకుంది. మనిషి తల మీద ఉన్న హెల్మెట్ ఇంకా వేరే సంగతి.

వరలక్ష్మీ వ్రతం వారం జనం తాకిడికి మూల్లోంచి రెండు రోజులు రాలేదు, తర్వాత సర్దుకుంది. అసలు పరీక్ష 37వ రోజు, వినాయక చవితి. వీధి మలుపులో మండపం, రాత్రి పదకొండు దాకా మైకు. మొదటి రాత్రి గదిలో రెండుసార్లు మూత్రం పోసింది, తలుపు చెక్క గీకింది. వెట్‌ని అడిగి సాయంత్రాలకి మందు మొదలుపెట్టాం. పెరటి వైపు కిటికీలకి దుప్పట్లు, కూలర్ ఫుల్ స్పీడ్, దానికి తోడు మిషన్ చప్పుడు. టైలరక్క కూతురు, డిగ్రీ చదువుతోంది, "దగ్గర కూర్చుని నిమిరితే భయం ఇంకా అలవాటవుతుందంట కదా మేడం?" అని అడిగింది. ఎవరు పుట్టించారో గానీ ఈ మాట చాలా ఇళ్లలో ఉంది. భయం అనేది బుజ్జగిస్తే పెరిగే అల్లరి కాదు. కుక్క తనంతట తను వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వండి, నిమరమంటే నిమరండి. నిమజ్జనం రోజు తీన్మార్ డప్పులు వీధిలోంచి వెళ్తుంటే జున్ను తెర వెనక కాక టైలరక్క కాళ్ల దగ్గర ఉంది, ఒళ్లంతా వణుకుతూ, మోకాలికి నుదురు నొక్కుకుని.

టీచరమ్మ రోజూ ఫోన్ చేసేవారు, మొదట్లో రోజుకి మూడుసార్లు. వెంటనే చూడటానికి వస్తానంటే నేను ఆపాను. ఇందులో నాతో విభేదించేవాళ్లు ఉన్నారు. సగం అల్లుకున్న అల్లికని మధ్యలో లాగినట్టవుతుందని నా అభిప్రాయం. 48వ రోజున వచ్చారు. జున్ను గొంతు ఎత్తి ఏడ్చినట్టు అరిచింది, ఆవిడ మోకాళ్లకి నుదురు గుద్దింది. వెళ్లిపోయాక గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడింది. తర్వాత తోక కిందికేసుకుని, నీళ్లు తాగి, టేబుల్ కిందికి పోయింది. ఆటోలో టీచరమ్మ "నాతో రావాలని చూడలేదమ్మా" అన్నారు. సంతోషమో బాధో గొంతులో తేలలేదు.

జున్ను మున్సిపల్ లైసెన్స్ ఇప్పుడు టైలరక్క పేరు మీద ఉంది. ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు. దీపావళి మూడు రాత్రులూ మందుతో, కూలర్‌తో గడిచాయి, తలుపు గీకలేదు. డ్రైవరన్న చేతిలోంచి తింటుంది, హెల్మెట్ తల మీద ఉంటే మాత్రం ఇప్పటికీ నాలుగు బండల దూరం. కొత్తవాళ్లొస్తే టేబుల్ కిందే.

నవంబరులో చివరి విజిట్‌కి వెళ్లాను. నన్ను చూసి టేబుల్ కింద నుంచి మొరిగింది. మల్కాజ్‌గిరిలో ఎన్ని గంటలు కూర్చున్నా నన్ను చూసి మొరిగింది లేదు, మొరగడానికి కూడా ధైర్యం చాలేది కాదు. నేను గుమ్మం దగ్గరే కూర్చుని, నోట్స్ కోసం దాన్నే గమనిస్తున్నాను. టైలరక్క తల ఎత్తకుండానే ఒక జాకెట్టూ సూదీ నావైపు జరిపింది. "ఊకె జూడకుండ్రి మేడం, పరేషానవుతది. గీ హుక్కులు కుట్టుండ్రి." కుట్టాను. అయిదో హుక్కు దగ్గరికొచ్చేసరికి కింద మొరుగు ఆగింది. మూడో హుక్కు వంకరగా వచ్చిందని టైలరక్క విప్పించింది.